రంగు తుపాకుల గది నుంచి

సామాన్ల గది,
ఆట మైదానం వెనక.

వదినగారికి నమస్కారాలు.

ఫోను ఉండగా ఈ కాగితాలేమిటని మీరు అనుకుంటారు. ఫోనులో మాట్లాడితే మీ తమ్ముడు వింటారు. వినకపోయినా నా గొంతు లేవదు. మీరు "ఆఁ? ఏమిటీ? గట్టిగా చెప్పవే" అంటారు, నేను "ఏం లేదు వదినగారూ, అందరం క్షేమమే" అని పెట్టేస్తాను. పోయిన ఏడాది నుంచీ ఇదే వరస. ఈసారి మాట అలా పెట్టేయడానికి వీల్లేకుండా ఉంది. పొద్దున ప్రార్థనకి కూర్చుంటే దేవుడి మీద నిలవాల్సిన మనసు బ్యాటరీ సెల్స్ మీదికి పోతోంది. అందుకని ఇన్నాళ్లకి కలం పట్టాను.

నేను పనిచేసే చోటు సంగతి మీకు కొంత తెలుసు. పెయింట్‌బాల్ ఆడించే మైదానం. రెండు జట్లవాళ్లు చెక్క అడ్డాల వెనక నక్కి ఒకరినొకరు రంగు గుళికలతో కొట్టుకుంటారు. ఒంటికి రంగు అంటినవాడు ఆట నుంచి తప్పుకోవాలి. పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్లు డబ్బిచ్చి మరీ దెబ్బలు తినడానికి వస్తారేమిటా అని మొదట్లో ఆశ్చర్యపోయేదాన్ని. ఇప్పుడు, వాళ్లు ఎంత రంగు పూసుకుని వస్తే అంత ఆనందంగా ఇంటికి వెళతారని తెలిసింది. మాస్కులు కడగడం, తుపాకులు తుడవడం, ఆటకి ముందు అన్నీ సిద్ధం చేసి కిటికీలోంచి అందించడం నా పని.

తుపాకీ నెత్తిన గుళికలు పోసే డబ్బా ఒకటి ఉంటుంది. దాన్ని లోడర్ అంటారు. అందులో చిన్న మోటారు తిరుగుతూ గుళికల్ని ఒక్కొక్కటిగా కిందికి తోస్తుంది. ఆ మోటారుకి నాలుగు పెన్సిల్ సెల్స్ కావాలి. అవి ఆగితే తుపాకీ ఉత్త గొట్టం.

ఇదివరకు ఆ సెల్స్‌ని వాడి పారేసేవాళ్లం. ప్రతి వారం ఒక బకెట్టెడు. సగం ప్రాణం ఉండగానే పారబోస్తున్నామేమో అని నా మనసు ఒప్పేది కాదు. చార్జింగ్ పెట్టుకుని మళ్లీ మళ్లీ వాడుకునే సెల్స్ కొందామని నేనే మైదానం నడిపే కోచ్‌గారిని అడిగాను. ఆయన నవ్వి, "సరేనమ్మా, కానీ బాధ్యత నీదే" అన్నారు. మొదట్లో చక్కగా పనిచేశాయి. తరవాత ఒక్కో డబ్బా ఆట మధ్యలో మూలగడం మొదలుపెట్టింది. మొన్నటి మ్యాచ్‌లో మా మైదానం జట్టు గెలవబోతుండగా ముగ్గురి తుపాకులు ఒకేసారి ఆగిపోయాయి. ఓడిపోయారు. కెప్టెన్ మాస్కు తీసి, కిటికీ మీద మోచేతులు ఆనించి, "పిన్నీ, మీ సెల్స్‌కి కూడా మధ్యాహ్నం కునుకు కావాలా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కిటికీ మూశాక నవ్వు రాలేదు.

కోచ్‌గారు మంచివారు, గట్టిగా ఏమీ అనలేదు. "పోటీలు వచ్చేలోగా ఇవి దారికొస్తే సరే. లేకపోతే పాత సెల్సే వాడదాం. ఈ గదికి కరెంటు సంగతులు తెలిసిన మనిషిని చూసుకుంటాను, ఏమీ అనుకోకమ్మా" అన్నారు. అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. ఈ పని పోతే ఇల్లు గడవడం ఒక సంగతి. కుడికంటి చూపు తగ్గి డ్రైవరు పని మానుకుని బస్సు దిగిపోయినప్పటి నుంచీ మీ తమ్ముడు గోడకేసి చూస్తూ ఒక్కరే కూర్చుంటున్నారు. ఇక ఇద్దరం కూర్చుంటాం. నాకు భయం అదే.

మీరు పనిచేసే నాటకశాలలో తీగ లేని మైకులన్నిటికీ చార్జింగ్ సెల్సే వాడతారని ఒకసారి చెప్పారు. అందుకే అడుగుతున్నాను. డబ్బా మీద ఎర్ర లైటు వెలిగితే అందులోంచి ఒక సెల్ తీసి, బాగా చార్జింగ్ ఎక్కినది ఒకటి వేస్తాను. మూడు నీరసించినా ఒకటి బలంగా ఉంటే మిగతావాటిని లాక్కొస్తుంది కదా. ఇంత జాగ్రత్తగా చూసుకుంటున్నా ఎందుకిలా అవుతోంది?

నేను రాసినట్టు మీ తమ్ముడికి తెలియనివ్వకండి. జవాబు మైదానం చిరునామాకే రాయండి.

మీ మరదలు


నాటకశాల,
తెర వెనక గది.

ఏమే మరదలా,

నీ దస్తూరీ చూసి ముందు గుండె ఝల్లుమంది, వాడికేమైనా అయిందేమోనని. చదివాక నవ్వొచ్చింది. కాగితం మీద నువ్వింత మాట్లాడతావని తెలిస్తే ఫోను ఎప్పుడో తీయించి పారేసేదాన్ని.

"మూడు నీరసించినా ఒకటి లాక్కొస్తుంది" అని రాశావు చూడు, అక్కడ తల పట్టుకుని కూర్చున్నాను. అది మా పుట్టిల్లు కాదే తల్లీ, కోడలొక్కతే అందర్నీ లాక్కురావడానికి! సెల్స్ అలా పనిచేయవు. నాలుగూ ఒకదాని వెనక ఒకటి నిలబడి కరెంటుని అందించుకుంటాయి. అందులో ఒకటి ముందే అయిపోయిందనుకో, మిగతావి ఆగవు. దాని లోపలికే ఎదురు కరెంటు తోస్తాయి. అది శాశ్వతంగా చెడిపోతుంది. దానితో పాటు నువ్వు కొత్తగా వేసినది కూడా కుదేలవుతుంది. నువ్వు బలమైనదాన్ని బలహీనుల మధ్యకి పంపి అందరినీ బాగు చేస్తున్నాననుకున్నావు, నిజానికి ఒక్కొక్కదాన్నే పాడుచేసుకుంటూ వచ్చావు. నీ జాలి వల్లే జరిగింది ఇదంతా.

ఒకసారి కలిసి డబ్బాలోకి వెళ్లిన నాలుగూ కలిసే బయటికి రావాలి, కలిసే చార్జింగుకి వెళ్లాలి, కలిసే ముసలివవ్వాలి. ఒకే రకం, ఒకే వయసు, ఒకే సత్తా. మధ్యలో ఎవరినీ మార్చకూడదు. ఇదే అసలు సూత్రం. ఇక్కడ నేను మొదటిరోజు నేర్చుకున్నది ఇదే. అది కూడా రాజుగారి పాత్రధారి రాణిమీద అరుస్తూ అరుస్తూ, మైకు ఆగిపోయి నోరు మాత్రమే కదిలించడం చూశాక.

ఆ కెప్టెన్‌కి నా తరఫున ఒక మొట్టికాయ వెయ్యి. మాస్కు మీద నుంచైనా సరే.

వాడెలా ఉన్నాడని నేను అడగను. మాట్లాడనన్నది వాడే కదా. మా నాటకశాల గుమ్మం దగ్గర టికెట్లు చూసే పని ఖాళీగా ఉంది, వచ్చెయ్యి అన్నాను. అంతేగా? దానికి ఏడాది అలకా! బస్సు నడిపినవాడు గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చోడట. కూర్చోకపోతే మానె, నాకేం. 

అన్నం సరిగ్గా తింటున్నాడా?

వదిన


ఇల్లు,
వంటగది బల్ల.

వదినగారికి,

సగమే తింటున్నారు. మీరు అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదనుకోండి.

మీ ఉత్తరం చదివాక సెల్స్ అన్నీ ఒక పళ్లెంలో పోసుకుని కూర్చున్నాను. ఏది ఎవరి కుటుంబమో, ఏది కొత్తదో, ఏది నేను చెడగొట్టినదో తెలియడం లేదు. అన్నీ ఒకే రంగు చొక్కా తొడుక్కున్నట్టున్నాయి. వాటిని చూస్తే ఏడుపొచ్చింది. తెలియక చేసినదే అయినా, నేను మంచి చేస్తున్నాననుకుంటూ చేశాను కదా.

ఇంకో సంగతి బయటపడింది. సాయంత్రం గేటు మూసేటప్పుడు కోచ్‌గారు మైదానం కరెంటు మొత్తం ఆపేస్తారు. నేనేమో చార్జర్‌లో పెట్టి, రాత్రంతా ఎక్కుతాయని నిశ్చింతగా ఇంటికి వచ్చేదాన్ని. పాపం అవి సగం కడుపుతోనే ఆటకి వెళ్లేవి. అందుకని ఆయన అనుమతితో చార్జర్‌ని ఇంటికి తెచ్చాను. ముందు గదిలో తప్ప ప్లగ్గు ఖాళీ లేదు. మీ తమ్ముడు కూర్చునే కుర్చీకి ఎదురుగా పెట్టాల్సివచ్చింది.

చార్జింగ్ ఎక్కేటప్పుడు దాని మీద ఎర్ర చుక్కలు వెలుగుతాయి. నిండాక పచ్చగా మారతాయి. ఆయన చాలాసేపు వాటికేసి చూశారు. "ఇదేమిటి, ఇల్లా, సిగ్నలా?" అన్నారు.

వదినగారూ, చాలా రోజులకి ఆయన నోటి నుంచి ఒక హాస్యం విన్నాను. నేను తడబడి, "మైదానం సామాను" అన్నాను. ఇంకేమీ అడగలేదు. కానీ నేను గిన్నెలు కడుగుతుంటే ముందు గదిలోంచి, "ఇదిగో, నీ సిగ్నల్ పచ్చ పడింది" అని కేకేశారు. నేను చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి మళ్లీ గోడకేసి తిరిగిపోయారు.

ఇంతకుముందు రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను. ఆయన గడప దాటి చాలా కాలమైంది. పక్కింటివాళ్లు పలకరిస్తే తలుపు వేసేస్తారు. కళ్ల డాక్టరు దగ్గరికి కూడా రానన్నారు. బస్సు లేకపోతే వీధితో ఏం పని అంటారు.

మీరు చెప్పిన సూత్రం ఆయనకి చెప్పి, ఈ పళ్లెంలోవి వేరు చేయడానికి సాయం చేయమని అడగనా? ఎవరు చెప్పారంటే ఏమనాలి? నాకు అబద్ధం రాదు.

మీ మరదలు


నాటకశాల,
తెర వెనక గది.

మరదలా,

అడగవద్దు. సాయం అన్న మాట అసలే అనవద్దు. వాడి సంగతి నీకంటే ముందు నుంచీ నాకు తెలుసు. చిన్నప్పుడు వాడిచేత ఏ పని చేయించాలన్నా అమ్మ నన్ను పంపేది. నేనెప్పుడూ "చెయ్యరా" అనలేదు. వాడి ఎదురుగా కూర్చుని ఆ పనిని తప్పుగా చేసేదాన్ని, అంతే. వాడు దిద్దకుండా ఉండలేడు. "అలా కాదే మొద్దూ" అంటూ లాక్కుని తనే చేసేవాడు. నేను వెళ్లి ఆడుకునేదాన్ని.

నువ్వూ తప్పుగా అడుగు. అబద్ధం ఆడక్కర్లేదు. నువ్వు ఇన్నాళ్లూ నమ్మినదాన్నే పైకి అను, చాలు. దిద్దడం వాడి వంతు.

నా పేరు ఎత్తావో, జన్మలో నీతో మాట్లాడను. కాగితం మీద కూడా.

వదిన


సామాన్ల గది,
ఆట మైదానం వెనక.

వదినగారూ,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

పళ్లెం తీసుకెళ్లి ఆయన ఎదురుగా కూర్చున్నాను. లోడర్ మూత తీసి, నాలో నేను అనుకున్నట్టుగా, "మూడు పాతవి వేసి ఒకటి కొత్తది వేస్తే సరిపోతుంది కదూ?" అన్నాను. ఉలకలేదు, పలకలేదు. మర్నాడు మళ్లీ కూర్చున్నాను. మళ్లీ అదే మాట. ఈసారి కుర్చీ కిర్రుమంది.

"జంట టైర్లలో ఒకటి అరిగినదీ ఒకటి కొత్తదీ వేస్తారా ఎవరైనా?"

"వేయకూడదా?"

"వేస్తే బరువంతా ఒకదాని మీదే పడుతుంది. నడి దారిలో ఢామ్మంటుంది. తిట్లు తినేది డ్రైవరు. టైర్లు మార్చినవాడు షెడ్డులో హాయిగా టీ తాగుతుంటాడు."

"ఇవి టైర్లు కావు కదండీ."

"బరువు మోసేదేదైనా ఒకటే. ఇటివ్వు. అలా పట్టుకుంటావేమిటి, వడియాలు పెడుతున్నట్టు!"

పళ్లెం నా ఒళ్లోంచి ఆయన ఒళ్లోకి వెళ్లిపోయింది.

అన్నిటినీ నిండా చార్జింగ్ పెట్టించారు. ఒక్క సెల్‌తో వెలిగే చిన్న టార్చి బస్సు రోజుల నాటిది ఒకటి ఉంది. అందులో ఒక్కో సెల్ వేసి, గోడకేసి వెలుగు పడేట్టు పెట్టి, ఏది ఎంతసేపు నిలుస్తుందో చూడడం మొదలుపెట్టారు. ఒక టార్చితో ఎప్పటికి తెములుతుంది? మధ్యాహ్నం చెప్పులు వేసుకున్నారు. తలుపు తీసుకుని వెళ్లి పక్కింటి దర్జీగారిని, ఆయన ద్వారా ఎదురింటివాళ్లను అడిగి, దొరికినన్ని టార్చీలు పట్టుకొచ్చారు. నేను వంటగది తలుపు వెనక నిలబడి రెండు చేతులూ జోడించాను. మీరు నవ్వినా సరే, అప్పుడు నాకు కనిపించిన దేవుడు చెప్పులు వేసుకునే ఉన్నాడు.

మా గోడ నిండా గుండ్రటి వెలుగులు. ఆయన వాటి మధ్య కూర్చుని, "అదిగో, మూడోది తల వాల్చేసింది. దీన్ని నమ్ముకుని కొండ ఎక్కితే అంతే సంగతులు" అంటూ తనలో తాను మాట్లాడుకుంటున్నారు. దర్జీగారు చూసి పోదామని వచ్చి సాయంత్రం దాకా కదల్లేదు. ఇద్దరూ ఏ సెల్ ముందు ఆరుతుందో పందెం కాసుకున్నారు. ఓడినవాడు టీ పెట్టాలి. ఇద్దరికీ టీ పెట్టడం రాదు, నేనే పెట్టాను.

ఒకే సత్తా ఉన్నవాటిని నాలుగేసి చొప్పున కట్టి, ఒక్కో జట్టుకి ఒక్కో రంగు టేపు చుట్టారు. ఎర్ర బండి, పచ్చ బండి, నీలం బండి అని పేర్లు పెట్టారు. ఒక బండిలోది ఇంకో బండిలో వేస్తే నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారట.

నేను అబద్ధం ఆడలేదు వదినగారూ. తెలిసినదాన్ని తెలియనట్టు అడిగాను. దేవుడు దీన్ని ఏ పద్దులో వేస్తాడో మరి.

పోటీలు దగ్గరకొచ్చాయి. ఒక్క దిగులే మిగిలింది. నిండా చార్జింగ్ ఎక్కినా డబ్బా మీద ఎర్ర లైటు తొందరగా వెలుగుతోంది. ఆటగాళ్లు అది చూస్తే కంగారుపడి మార్చమంటారు. మార్చడం మొదలైతే మళ్లీ పాత కథే.

మీ మరదలు


నాటకశాల,
తెర వెనక గది.

మరదలా,

ఎర్ర లైటుని నమ్మకు. ఆ డబ్బా చేసినవాడు వాడి పారేసే సెల్స్‌ని మనసులో పెట్టుకుని ఆ లైటు పెట్టి ఉంటాడు. అవి మొదట ఎక్కువ జోరుగా ఉండి మెల్లగా దిగిపోతుంటాయి. చార్జింగ్‌వి మొదటి నుంచీ ఒక మెట్టు కిందే ఉంటాయి, కానీ చివరిదాకా అదే మెట్టు మీద నడుస్తాయి. లైటుకి ఆ తేడా తెలియక ముందే భయపడుతుంది. మా మైకులూ అంతే. ఇది కూడా వాడిచేతే కనిపెట్టించు. ఎర్ర లైటు వెలిగిన డబ్బాలోని సెల్స్ తీసి వాడి ఒళ్లో పడెయ్యి, "అయిపోయాయి, పారేస్తున్నా" అను. మిగతాది ఆ టార్చీలు చెబుతాయి.

చార్జింగ్ పోటీకి ముందురోజే పెట్టు. వారం ముందు నింపి బీరువాలో దాస్తే కూర్చున్నచోటే కొంత కారిపోతుంది.

చెప్పులు వేసుకున్నాడని రాశావు. ఆ ముక్క మళ్లీ మళ్లీ చదివాను.

నీకొకటి చెబుతాను, వాడితో అనకు. గుమ్మం దగ్గర పని వాడి మీద జాలితో చూపించానని కదా వాడి కోపం. జాలీ లేదు, గీలీ లేదు. నాటకం అయిపోయి హాలంతా ఖాళీ అయ్యాక, మైకులన్నీ సర్దుకుని దీపాలు ఒక్కొక్కటే ఆర్పుకుంటూ వచ్చి తాళం వేస్తాను. మీ అన్నగారు ఉన్నన్నాళ్లూ బయట నిలబడి ఉండేవారు. ఇప్పుడు ఆ తాళం వేసేటప్పుడు చప్పుడు మరీ పెద్దగా వినిపిస్తోంది. పక్కన నా మనిషి ఒకడుంటే బాగుండునని అడిగాను. అలా అడగడం రాక, "నీకు పని చూశాను" అన్నాను. మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా అడగడం రాదు.

పోటీ ఎలా జరిగిందో వెంటనే రాయి.

వదిన


ఇల్లు,
వంటగది బల్ల.

వదినగారికి,

గెలిచామా ఓడామా అని చివర్లో చెబుతాను. ముందు మిగతాది వినండి.

మీరన్నట్టే సెల్స్ ఆయన ఒళ్లో పడేశాను. టార్చీల్లో వేసి చూసి, "పారేస్తావా! ఇంకా సగం దారి వెళతాయివి. ఆ లైటే అబద్ధాలకోరు" అన్నారు. ఆ లైటు మీద ఎంత కోపం వచ్చిందంటే, పోటీ రోజు పొద్దున్నే చొక్కా వేసుకుని తయారైపోయారు. "నువ్వు మెత్తని మనిషివి. వాళ్లు అరిస్తే మార్చేస్తావు. నేను ఉండాలి" అన్నారు. మైదానానికి మేమిద్దరం బస్సులో వెళ్లాం. దారి పొడుగునా డ్రైవరు గేర్లు ఎలా మారుస్తున్నాడో చూసి గొణుగుతూనే ఉన్నారు.

మైదానం చుట్టూ కట్టిన వల లోపలికి వెళ్లాలంటే ఎవరైనా సరే మాస్కు పెట్టుకోవాలి. ఆయనకీ పెట్టాను. కిటికీ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. రెండో ఆట మధ్యలో ఒకదాని తరవాత ఒకటి ఎర్ర లైట్లు వెలిగాయి. కెప్టెన్ అడ్డం వెనక నుంచి పరిగెత్తుకొచ్చాడు.

"పిన్నీ! లైటు! మార్చండి, తొందరగా!"

నా చెయ్యి దానంతటదే కదిలింది. ఆయన అడ్డం పెట్టారు.

"ఆడు బాబూ. ఏం కాదు."

"అంకుల్, మధ్యలో ఆగిపోతే?"

"ఆగితే వెనక నుంచి నేను తోస్తాను. పో."

వాడు మళ్లీ అడ్డం వెనక్కి పరిగెత్తాడు. కోచ్‌గారు అవతలి గట్టు మీద నుంచి నాకేసి చూస్తున్నారు. నేను కళ్లు మూసుకున్నాను. ప్రభూ, నాకు ఉద్యోగం ఉండనీ అని అడుగుదామనుకున్నాను. నోటికి వచ్చింది మాత్రం, ఈయన మాట నిలబెట్టు అని. డబ్బాలు గరగరలాడుతూ తిరుగుతూనే ఉన్నాయి. ఒక్కటి ఆగింది. ఆయన మూత విప్పి, లోపల తెగిన తీగ తీసి చూపించి, "ఇది రోడ్డు తప్పు, బండి తప్పు కాదు" అన్నారు. మిగతావన్నీ ఆఖరి ఈల దాకా ఆడాయి.

ఆఖరి ఆటలో ఓడిపోయాం. అవతలివాళ్లు మనకంటే బాగా ఆడారు, అంతే. కెప్టెన్ ఒంటి నిండా నారింజరంగుతో కిటికీ దగ్గరికి వచ్చి, "ఈసారి కునుకు తీసింది మేమే పిన్నీ" అన్నాడు. మొట్టికాయ వేయలేకపోయాను, క్షమించండి. కోచ్‌గారు సామాన్ల గది తాళంచెవి నా చేతిలో పెట్టి, "ఈ గది నీదేనమ్మా. మ్యాచ్ రోజుల్లో మీవారిని కూడా తీసుకురా. ఊరికే కాదు, జీతానికే" అన్నారు. మీ తమ్ముడు వినపడనట్టు లోడర్లు లెక్కపెట్టుకుంటున్నారు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఇంటికొచ్చాక, ఏ బండిలోనూ చేరని నీరసపు సెల్స్ కొన్ని మిగిలితే నేను పారేసే సంచిలో వేయబోయాను. "ఉండు" అన్నారు. "మోటారు తిప్పలేనివి గోడ గడియారాన్ని హాయిగా నడుపుతాయి. బరువు పని కాకపోతే తేలిక పని. అందులో చిన్నతనం ఏముంది?" ఆ మాట అన్నాక తనే ఆగిపోయారు. చేతిలో సెల్ అటూ ఇటూ దొర్లించారు.

సెల్‌ని పళ్లెంలో పెట్టి, "అక్క ఆ మైకులకి సెల్స్ ఎలా వేస్తోందో" అన్నారు. "తనకి తొందర ఎక్కువ. కొత్తా పాతా కలిపేస్తూ ఉంటుంది, పాపం. ఎవరు చెబుతారు దానికి? కాగితం తీసుకో, నేను చెబుతాను రాయి."

విడి కాగితం మీద రాశాను, దీనితో జతచేశాను. జంట టైర్ల దగ్గర నుంచి మొదలుపెట్టి అంతా చెప్పించారు. "అర్థం కాకపోతే అడగమను" అని చివర్లో రాయించారు. జవాబు ఇంటి చిరునామాకే రాయాలట.

మీ మరదలు


నాటకశాల,
తెర వెనక గది.

మరదలికి ఆశీస్సులు. (ఇది గట్టిగా చదివి వినిపించు. నీ గొంతుకి గట్టిగా అంటే ఎంతో నాకు తెలుసు. ఇంకొంచెం గట్టిగా.)

తమ్ముడు రాయించిన సంగతులు చదివి ఆశ్చర్యపోయాను. టైర్లతో పోల్చి చెప్పినందువల్ల నాలాంటిదానికి కూడా ఇట్టే బోధపడింది. ఇన్నాళ్లూ నేను చేతికి ఏది తగిలితే అది మైకులో కూరేస్తున్నాను. చెప్పేవాళ్లేరీ? ఈమధ్య ఒకాయన చనిపోయే ఘట్టంలో మాట వినిపించక రెండుసార్లు చనిపోవాల్సివచ్చింది.

అయితే కాగితం మీద చదవడం వేరు, కళ్లతో చూడడం వేరు. ఏ సెల్ ఎవరితో వెళ్లాలో, ఎర్ర లైటుని ఎంతవరకు నమ్మాలో ఎవరైనా వచ్చి ఒకసారి పక్కన కూర్చుని చూపిస్తే తప్ప నా బుర్రకెక్కదు. ఇక్కడ మైకులు చాలా ఉన్నాయి. ఒక్కరోజులో అయ్యే పని కాదు.

తీరిక ఉన్నవాళ్లనే రమ్మంటున్నాను. పనులున్నవాళ్లు మానుకుని రానక్కర్లేదు.

అక్క


ఇల్లు,
వంటగది బల్ల.

వదినగారూ,

గట్టిగానే చదివాను. పక్కింటి దర్జీగారు కూడా వచ్చి విన్నారు.

"చూశావా? నేను అనుకున్నదే!" అని ఆయన తొడ చరిచారు. "ఇన్నేళ్లూ ఆ మైకులు ఎలా మోగాయో! అదృష్టం, అంతే." దర్జీగారు, "మీ అక్కగారికి మీరుండబట్టి సరిపోయింది" అంటే, "మరే" అన్నారు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వచ్చేశాను. ప్రార్థనకి కూర్చుంటే దేవుడు కూడా నవ్వుతున్నట్టే అనిపించింది.

ఎల్లుండి పొద్దున బస్సుకి బయలుదేరుతున్నారు. ముందు కళ్ల డాక్టరుకి చూపించుకుంటేనే పంపిస్తానన్నాను. నిన్న వెళ్లాం. రెండో కన్ను బాగానే ఉందన్నారు, కళ్లజోడు రాసిచ్చారు. సంచిలో టార్చీలు, రంగు టేపులు, కళ్లజోడు సర్దుకున్నారు. కొన్నాళ్లుండి మ్యాచ్ రోజుకి తిరిగి వచ్చేస్తారట. ప్రతి నెలా ఒకసారి వచ్చి మీ సెల్స్ తనిఖీ చేయాలని కూడా అనుకుంటున్నారు. తప్పులు పట్టుకుంటారు, ఓర్చుకోండి. మీ బల్ల మీద అన్నీ మరీ సరిగ్గా ఉంటే బాగుండదు. కొత్తా పాతా కాసిన్ని కలిపి పెట్టి ఉంచండి.

సర్దుకుంటూ నన్ను ఒక మాట అడిగారు. "నాటకం అయ్యాక అక్క తాళం వేసుకుని ఒక్కతే ఇంటికి వెళుతుందా?" అని. వదినగారూ, మీరు నాకు రాసినదాంట్లో ఒక్క అక్షరం కూడా నేను చెప్పలేదు. ఆయనంతట ఆయనే అడిగారు. "అవుననుకుంటాను" అన్నాను. "అయితే అదయ్యేదాకా ఉంటాను. స్టూలు ఏదైనా ఉంటే గుమ్మం దగ్గర వేసుకుని కూర్చుంటాను" అన్నారు. ఆ తరవాత టార్చీలు మళ్లీ మొదటి నుంచి సర్దుకున్నారు.

ఒక్కటే మనవి. నేను రాసిన ఈ కాగితాలు పారేయకండి. జన్మలో ఇన్ని మాటలు నేను ఎవరితోనూ చెప్పలేదు. అవి ఎక్కడో ఒకచోట ఉన్నాయని తెలిస్తే నాకు ధైర్యంగా ఉంటుంది. కానీ ఎవరికీ చూపించకండి, ఆయనకి అసలే వద్దు. మనం ఆయనని మోసం చేశామని కాదు. టైర్ల మాట మీరు రాయలేదు, నేను చెప్పలేదు. టార్చీలు పట్టుకుని వీధిలోకి వెళ్లమని మనమెవరమూ అనలేదు. అది ఆయన సొంతం. ఇవి చదివితే అంతా మనం ఇచ్చిందే అనుకుంటారు.

కాబట్టి మీ చీరల అడుగున ఎక్కడైనా దాచండి. ఆయన వచ్చి, ఎదురుగా కూర్చుని, "అలా కాదే మొద్దూ" అంటే, మైకు ఆయన చేతికిచ్చెయ్యండి.

మీ మరదలు